తెర లేని సర్వర్, మూడు తీగల కేబుల్: సీరియల్ కన్సోల్‌తో నా అనుభవం

నేను చూసుకునే సర్వర్లలో ఒకదానికి తెర లేదు, కీబోర్డు లేదు. లినక్స్ ఎక్కించేటప్పుడు తాత్కాలికంగా ఒక గ్రాఫిక్స్ కార్డు పెట్టి పని ముగించాను. తర్వాత ఆ కార్డు తీసేసి, అదే స్లాటులో డిస్కుల కంట్రోలర్ బిగించాను. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ భాగం లేదు కాబట్టి ఆ రోజు నుంచి ఆ యంత్రంతో మాట్లాడటానికి రెండే దారులు మిగిలాయి: నెట్‌వర్క్ మీదుగా దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్, వెనకవైపున్న తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు (బిట్లను ఒకదాని తర్వాత ఒకటిగా తీగ మీద పంపేది). పైగా దాని రూట్ డిస్కు ఎన్‌క్రిప్ట్ చేసినది. బూట్ అయిన ప్రతిసారీ, నెట్‌వర్క్ లేవడానికి ముందే, పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది. ఆ పాస్‌ఫ్రేజ్‌ను నెట్‌వర్క్ మీదుగా అందించే పద్ధతులు ఉన్నాయి కానీ, నెట్‌వర్క్ అమరికలోనే పొరపాటు జరిగితే అవి కూడా మూసుకుపోతాయి. అందుకే సీరియల్ కన్సోల్‌ను, అంటే తెర, కీబోర్డుల పనిని ఆ పోర్టు మీదుగా చేయించే పద్ధతిని ఎంచుకుని, లినక్స్‌ను బూట్ చేసే గ్రబ్ అనే ప్రోగ్రాం అమరికల ఫైలులో నాలుగు మాటలు రాసి, కేబుల్ ఒకటి తెచ్చి పక్కన పెట్టుకున్నాను. రాసినవి పనిచేస్తున్నాయో లేదో ఆ రోజు పరీక్షించలేదు.

కొన్ని నెలల తర్వాత లినక్స్ మూలభాగమైన కెర్నెల్‌కు అప్‌డేట్ వచ్చి రీబూట్ చేయాల్సి వచ్చింది. సర్వర్ తిరిగి నెట్‌వర్క్‌లోకి రాలేదు. పాస్‌ఫ్రేజ్ కోసం ఆగి ఉంటుందని తెలుసు కాబట్టి కంగారు పడకుండా, ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్ తగిలించి, కేబుల్ కలిపి, సీరియల్ పోర్టుతో మాట్లాడే పికోకామ్ అనే ప్రోగ్రాం తెరిచాను. తెర మీద ఒక్క అక్షరం రాలేదు. ఎంటర్ నొక్కాను, మళ్ళీ నొక్కాను, సర్వర్‌ను ఆపి మళ్ళీ ఆన్ చేశాను. అదే నిశ్శబ్దం.

ఇప్పుడు తెలిసిన విషయం అప్పుడు తెలిసి ఉంటే పని త్వరగా తేలేది. సీరియల్ కన్సోల్ అంటే ఒకే వస్తువు అనుకుంటాం కానీ, ఆ ఒక్క తీగ మీద ఒకరి తర్వాత ఒకరు చాలామంది మాట్లాడతారు. ముందు మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్, తర్వాత గ్రబ్, తర్వాత కెర్నెల్, దాని వెంట ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లోని (అసలు డిస్కు తెరుచుకునేదాకా మెమరీలో నడిచే చిన్న వ్యవస్థ) స్క్రిప్టులు, చివరికి లాగిన్ అడిగే గెట్టీ. వీరిలో ఒకరి అమరికతో మరొకరికి సంబంధం ఉండదు. ఒకరు సరిగ్గా మాట్లాడినంత మాత్రాన తర్వాతివారు మాట్లాడతారని హామీ లేదు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న కన్సోల్ ఎందుకు పనిచేయడం లేదు అన్నది కాదు, ఎవరి వంతు దగ్గర మాట ఆగిపోయింది అన్నది. నా విషయంలో మొదటివారి మాట కూడా వినిపించలేదు కాబట్టి లోపం తీగలోనో, దాని రెండు కొసల్లో ఒకదానిలోనో ఉండాలి.

ఈ కొస నుంచే మొదలుపెట్టాను. అడాప్టర్‌ను ల్యాప్‌టాప్ గుర్తించింది, దానికి లినక్స్ ఇచ్చే పేరు /డెవ్/టీటీవైయూఎస్‌బీ0 కనిపించింది, దాన్ని తెరిచే అనుమతి కోసం నా ఖాతా డయలవుట్ గ్రూపులో ఉంది. కేబుల్ ఊడదీసి, అడాప్టర్ కనెక్టర్‌లోని 2వ, 3వ పిన్నులను చిన్న తీగ ముక్కతో కలిపాను. 3 నుంచి బయటికి పోయిన అక్షరం 2 గుండా లోపలికి వస్తుంది కాబట్టి, టైపు చేసినదల్లా తెర మీద కనిపించాలి. కనిపించింది. పికోకామ్ తనంతట తాను అక్షరాలను చూపించదు కనుక అవి నిజంగా తీగ మీదుగా తిరిగి వచ్చినవే. అయితే ఈ పరీక్ష అడాప్టర్ బతికే ఉందని మాత్రమే చెబుతుంది. చెప్పేవారూ వినేవారూ ఒకరే కావడం వల్ల ఏ వేగంలోనైనా నెగ్గుతుంది, కాబట్టి వేగం సరైనదో కాదో దీనివల్ల తెలియదు.

కేబుల్‌ను మల్టీమీటర్ కంటిన్యుటీతో చూశాను. అది నల్ మోడెమ్ కేబుల్, అంటే ఒకరు పంపే తీగ అవతలివారు వినే పిన్నుకు చేరేలా మార్చి కలిపినది: ఒకవైపు 2 రెండోవైపు 3కు, 3 రెండోవైపు 2కు, 5 నేరుగా 5కు. అంతే, మూడే తీగలు. మిగతా ఆరు పిన్నులూ ఖాళీ. కేబుల్ బాగానే ఉందని పక్కన పెట్టాను. ఆ ఖాళీ పిన్నుల సంగతి తర్వాత చెబుతాను.

మిగిలింది సర్వర్ పోర్టు. ఈ పోర్టులు పాటించే ఆర్‌ఎస్-232 అనే ప్రమాణం మొదట 1960లో వచ్చింది. అందులో సంకేతం లేని సమయంలో, అంటే పంపేవాడు మౌనంగా ఉన్నప్పుడు, పంపే పిన్ను మీద ఋణ వోల్టేజీ ఉంటుంది. ప్రమాణం ప్రకారం వినే కొసలో మైనస్ 3 నుంచి మైనస్ 15 వోల్టుల మధ్య ఉన్నది ఒకటిగా, ప్లస్ 3 నుంచి ప్లస్ 15 మధ్య ఉన్నది సున్నాగా లెక్క. ఈ ఒక్క విషయం తెలిస్తే మల్టీమీటరే సగం రోగనిర్ధారణ చేస్తుంది. కంప్యూటర్ వెనకనుండే తొమ్మిది పిన్నుల కనెక్టర్‌లో బయటికి పంపే పిన్నులు మూడు: డేటా పంపే 3, సిద్ధంగా ఉన్నామని సంకేతమిచ్చే డీటీఆర్ అనే 4, ఆర్‌టీఎస్ అనే 7. వాటి మీద వోల్టేజీ ఉండాలి, 5 మీద ఏమీ ఉండకూడదు, ఎందుకంటే అది గ్రౌండ్. మీటరు నల్ల మొనను కనెక్టర్ లోహపు కవచానికి ఆనించి ఒక్కో పిన్నూ చూశాను. 4, 5, 7 మీద దాదాపు మైనస్ 6 వోల్టులు ఉన్నాయి, 3 మీద ఏమీ లేదు. సర్వర్‌ను రీబూట్ చేస్తే 5 మీది అంకె మాత్రం వణికింది. అంటే డేటా 5వ పిన్ను గుండా బయటికి వస్తోంది.

కారణం పెట్టె లోపల ఉంది. ఆ మదర్‌బోర్డులో సీరియల్ పోర్టు నేరుగా వెనక్కి రాదు. బోర్డు మీద రెండు వరుసల్లో చిన్న పిన్నులు ఉంటాయి, అక్కడి నుంచి ఒక రిబ్బన్ కేబుల్ వెనక పట్టీ మీదున్న కనెక్టర్ దాకా వెళుతుంది. ఈ రిబ్బన్లు రెండు రకాలు, చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఒకదానిలో తీగలు రిబ్బన్ వరుసలోనే కనెక్టర్ పై వరుసకూ కింది వరుసకూ ఒకటి విడిచి ఒకటిగా చేరతాయి. రెండోదానిలో బోర్డు మీది 1వ పిన్ను కనెక్టర్ 1కి, 2వ పిన్ను 2కి, ఇలా అంకెకు అంకె కలుస్తుంది. నా బోర్డుకు కావలసింది మొదటి రకం, నేను పాత యంత్రం నుంచి తీసి బిగించింది రెండో రకం. దానివల్ల డేటా పంపే తీగ 5కి, గ్రౌండ్ 9కి చేరాయి. ఒకదానికొకటి తగిలినా చెడిపోకుండా ఉండేలా ఆర్‌ఎస్-232 పరికరాలను తయారు చేయాలని ప్రమాణమే చెబుతుంది కాబట్టి, నా అడాప్టర్ గ్రౌండ్‌కు సర్వర్ పంపే తీగ తగిలినా ఏమీ కాలిపోలేదు. బోర్డుకు సరిపడే పట్టీ తెప్పించి మార్చి, మళ్ళీ కొలిచాను: 3, 4, 7 మీద వోల్టేజీ, 5 మీద సున్నా.

ఈసారి ఆన్ చేయగానే తెర నిండా అర్థం లేని గుర్తులు వచ్చాయి. అవి చూసి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. చెత్త వస్తోందంటే తీగ బాగుందని, అవతల ఎవరో మాట్లాడుతున్నారని అర్థం. వేగం ఒక్కటే కుదరలేదు. పికోకామ్‌కు ఏమీ చెప్పకపోతే సెకనుకు 9600 బిట్ల వేగం దగ్గర తెరుచుకుంటుంది, ఫర్మ్‌వేర్‌లో తన తెర మాటలను సీరియల్ పోర్టుకు మళ్ళించే కన్సోల్ రీడైరెక్షన్ 115200 దగ్గర పెట్టి ఉంది. 115200కు మార్చగానే ఫర్మ్‌వేర్ తెర శుభ్రంగా కనిపించింది, మెమరీ, డిస్కుల జాబితా వరుసగా వచ్చాయి. ఆ వెంటనే గ్రబ్ వంతు వచ్చి మళ్ళీ చెత్త. నేను గ్రబ్ ఫైలులో సీరియల్ టెర్మినల్ వాడమని రాశాను గానీ వేగం రాయలేదు. వేగం చెప్పకపోతే గ్రబ్ 9600 తీసుకుంటుంది. కెర్నెల్ కూడా అంతే: కన్సోల్=టీటీవైఎస్0 (మొదటి సీరియల్ పోర్టు పేరు) అని మాత్రమే రాస్తే 9600 అనే అర్థం చేసుకుంటుంది. ఫర్మ్‌వేర్ ఒక వేగంలో, మిగతావాళ్ళు మరో వేగంలో మాట్లాడుతుంటే, వినేవాడు మధ్యలో వేగం మార్చుకోవాల్సి వస్తుంది. పికోకామ్‌లో కంట్రోల్-ఏ తర్వాత ఒక మీటతో అక్కడికక్కడే వేగం తగ్గించవచ్చు కాబట్టి, తర్వాతి రీబూట్‌లో గ్రబ్ రాగానే 9600కు దిగాను. మెనూ కనిపించింది. ప్రతి అక్షరమూ రెండేసి సార్లు పడుతోంది కానీ, అప్పటికి దాన్ని పట్టించుకోలేదు.

వేగం విషయంలో ఒక లెక్క చెప్పడం అవసరం. ఒక అక్షరానికి మొదలు చెప్పే బిట్టు ఒకటి, డేటా బిట్లు ఎనిమిది, ముగింపు బిట్టు ఒకటి, మొత్తం పది బిట్లు. కాబట్టి 9600 అంటే సెకనుకు 960 అక్షరాలు, 115200 అంటే సెకనుకు 11520. బూట్ సందేశాలు 50 వేల అక్షరాలు ఉన్నాయనుకుంటే, మొదటి వేగంలో అవి బయటికి రావడానికే 52 సెకన్లు పడుతుంది, రెండో వేగంలో నాలుగున్నర సెకన్లలోపే ముగుస్తుంది. కెర్నెల్ తన సందేశం సీరియల్ పోర్టు గుండా బయటికి పోయేదాకా చాలా సందర్భాల్లో ఆగుతుంది. అందువల్ల నెమ్మది వేగం చూసేవాడికి మాత్రమే ఇబ్బంది కాదు, యంత్రం బూట్ అవడమే ఆలస్యమవుతుంది. 9600 ఉంచుకోవడానికి ఈ రోజుల్లో నాకు ఏ కారణమూ కనిపించదు.

కెర్నెల్ సందేశాలు మొదలయ్యాయి. వరసగా వచ్చి, ఒక యూఎస్‌బీ పరికరాన్ని గుర్తించిన వాక్యం దగ్గర ఆగిపోయాయి. పది నిమిషాలు చూశాను. కొత్త కెర్నెల్ అక్కడ బిగుసుకుపోయిందని నమ్మి, గ్రబ్ మెనూలో పాత కెర్నెల్ ఎంచుకున్నాను. అదీ దాదాపు అక్కడే ఆగింది. రెండు కెర్నెళ్ళూ ఒకే చోట ఆగడంతో, ఆగింది కెర్నెల్ కాదేమోనన్న అనుమానం అప్పుడు కలిగింది.

నా అమరికలో కెర్నెల్‌కు రెండు కన్సోళ్ళు రాసి ఉన్నాయి: ముందు టీటీవైఎస్0, తర్వాత టీటీవై0. కెర్నెల్ తన సొంత సందేశాలను రాసిన కన్సోళ్ళన్నింటికీ పంపుతుంది. కానీ /డెవ్/కన్సోల్ అనే పరికరం మాత్రం వాటిలో చివర రాసినదానికే కట్టుబడి ఉంటుంది. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ స్క్రిప్టులు రాసేదీ, పాస్‌ఫ్రేజ్ అడిగేదీ, జవాబు చదివేదీ ఆ /డెవ్/కన్సోల్ మీదే. అంటే సర్వర్ నిక్షేపంగా ఉంది. నన్ను పాస్‌ఫ్రేజ్ అడిగి ఎదురుచూస్తోంది. ఆ అడగడం మాత్రం టీటీవై0 మీద, అంటే లేని తెర మీద, లేని కీబోర్డు ముందు జరుగుతోంది. సీరియల్ తీగ మీద కెర్నెల్ మాటలన్నీ చక్కగా వినిపించడమే నన్ను పక్కదారి పట్టించింది. ఏమీ రాకపోతే కన్సోల్ అమరికను అనుమానించేవాణ్ణి, వచ్చి ఆగిపోయింది కాబట్టి యంత్రాన్ని అనుమానించాను. సీరియల్ కన్సోల్ లోపాలన్నిటిలో ఇదే మనిషిని ఎక్కువగా మోసం చేసేదని నా అభిప్రాయం.

మళ్ళీ రీబూట్ చేసి, గ్రబ్ మెనూలో ఇంగ్లీషు e అక్షరం నొక్కి, కెర్నెల్ వాక్యం చివరికి వెళ్ళాను. అక్షరాలు రెండేసిగా పడుతున్న తెర మీద ఒక వాక్యం దిద్దడం కష్టంగానే ఉంది. పాత మాటలు తీసేసి కన్సోల్=టీటీవై0 కన్సోల్=టీటీవైఎస్0,115200ఎన్8 అని ఆ వరుసలోనే రాసి, కంట్రోల్-ఎక్స్‌తో బూట్ చేసి, వేగం 115200కు పెంచాను. ఇలా చేసిన మార్పు ఆ ఒక్క బూట్‌కే వర్తిస్తుంది కాబట్టి తప్పు రాసినా నష్టం లేదు. డిస్కును తెరవడానికి పాస్‌ఫ్రేజ్ ఇవ్వమని అడిగే వాక్యం మొదటిసారి నా తెర మీద కనిపించింది.

ఇక్కడ మరో పొరపాటు చేశాను. జరుగుతున్నదంతా ఒక ఫైలులో దాచుకుందామని పికోకామ్ మూసేసి, అలాంటిదే, నాకు ఎక్కువ అలవాటున్న మినీకామ్ తెరిచాను. పాస్‌ఫ్రేజ్ టైపు చేసి ఎంటర్ నొక్కాను. ఏమీ జరగలేదు. తప్పు కొట్టానేమోనని ఇంకా నెమ్మదిగా మరో రెండుసార్లు కొట్టాను. పాస్‌ఫ్రేజ్ అడిగేచోట టైపు చేసినది తెర మీద కనిపించదు, అది రక్షణ కోసమే. కానీ ఆ కారణంగానే, నా అక్షరాలు అసలు అవతలికి చేరుతున్నాయో లేదో తెలుసుకునే దారి కూడా పోయింది. చాలాసేపటికి ఒక సంగతి తట్టింది: పాస్‌ఫ్రేజ్ తప్పయితే తప్పని చెప్పి మళ్ళీ అడగాలి. తప్పని కూడా చెప్పడం లేదంటే, ఎంటరే చేరడం లేదు.

ఆ మూడు తీగల సంగతి ఇక్కడికి వచ్చింది. హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ అనే పద్ధతిలో, ఒక కొస తాను వినడానికి సిద్ధంగా ఉన్నానని ఆర్‌టీఎస్ తీగ మీద చెబుతుంది, అవతలి కొస దాన్ని సీటీఎస్ పిన్ను మీద చూసి, అప్పుడే పంపుతుంది. మినీకామ్ తొలి అమరికలో ఈ పద్ధతి ఆన్‌లో ఉంటుంది, పికోకామ్‌లో ఆఫ్‌లో ఉంటుంది. నా కేబుల్‌లో ఆ తీగలే లేవు. అందువల్ల నా వైపు సీటీఎస్ ఎప్పటికీ సిద్ధమని చెప్పదు, మినీకామ్ ఎప్పటికీ పంపదు. సర్వర్ వైపు ఈ పద్ధతి పెట్టలేదు కాబట్టి అటు నుంచి వచ్చే మాటలకు ఆటంకం లేదు. చూడగలం, టైపు చేయలేం. ఈ లక్షణం కనిపిస్తే, మరేదీ చూడకముందు ఫ్లో కంట్రోల్ చూడాలి. మినీకామ్ సీరియల్ పోర్టు అమరికల్లో హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ ఆపేసి, పాస్‌ఫ్రేజ్ మరోసారి టైపు చేశాను. డిస్కు తెరుచుకుంది, నెట్‌వర్క్ లేచింది, చివర లాగిన్ ప్రాంప్ట్ కూడా వచ్చింది. దాన్ని లినక్స్‌లో సేవలను నడిపే సిస్టమ్‌డీయే కెర్నెల్ కన్సోల్‌ను చూసి సొంతంగా నడుపుతుంది కాబట్టి అక్కడ నేను చేయాల్సిందేమీ లేకపోయింది.

ఇదే ఫ్లో కంట్రోల్‌ను కెర్నెల్ వైపు నుంచి కోరేవారూ ఉంటారు. 115200ఎన్8 తర్వాత ఆర్ అనే అక్షరం చేరిస్తే కెర్నెల్ కూడా సీటీఎస్ కోసం చూస్తుంది. మూడు తీగల కేబుల్‌తో ఆ అక్షరం ఉంటే ప్రతి అక్షరం దగ్గరా కెర్నెల్ కాసేపు ఎదురుచూస్తుంది, బూట్ నత్తనడకన సాగుతుంది. పూర్తి తీగలున్న కేబుల్ ఉంటేనే దాన్ని వాడాలి.

లోపలికి వెళ్ళాక చూసినవాటిలో అన్నిటికంటే పనికొచ్చింది /ప్రాక్/టీటీవై/డ్రైవర్/సీరియల్ అనే ఫైలు. రూట్‌గా, అంటే అన్ని అధికారాలున్న ఖాతాతో దాన్ని చదివితే ఒక్కో పోర్టుకు ఒక్కో వరుస వస్తుంది: చిప్పు రకం 16550ఏ, చిరునామా 3ఎఫ్8, అంతరాయం (ఐఆర్‌క్యూ) 4, ఇప్పటిదాకా పంపిన అక్షరాలు, అందుకున్న అక్షరాలు, అప్పటికి ఆన్‌లో ఉన్న సంకేత తీగల పేర్లు. నేను ఒక అక్షరం టైపు చేస్తే అందుకున్న లెక్క ఒకటి పెరగాలి. పెరగకపోతే లోపం తీగలోనో ఫ్లో కంట్రోల్‌లోనో ఉంది, పెరిగినా జవాబు లేకపోతే లోపం సాఫ్ట్‌వేర్‌లో ఉంది. ఫ్రేమ్ లోపాల లెక్క కనిపిస్తే వేగం కుదరలేదని సూచన. తర్వాతి ప్రయోగాలన్నీ ఎస్‌ఎస్‌హెచ్ ఒక కిటికీలో, సీరియల్ మరో కిటికీలో పెట్టుకుని, ఈ లెక్క చూస్తూనే చేశాను. కెర్నెల్ ఏయే కన్సోళ్ళను వాడుతోందో /ప్రాక్/కన్సోల్స్ చెబుతుంది.

తర్వాత శాశ్వత మార్పులు. గ్రబ్‌కు సీరియల్ వేగం 115200 అని స్పష్టంగా రాశాను, కెర్నెల్ వాక్యంలో టీటీవైఎస్0ను చివరికి మార్చాను, గ్రబ్ అమరికను మళ్ళీ తయారుచేయించాను. అక్షరాలు రెండేసిగా పడటానికి కారణం, గ్రబ్ తానే సీరియల్ పోర్టుకు రాస్తుండగా, ఫర్మ్‌వేర్ కూడా గ్రబ్ మామూలు తెరకు రాసేదాన్ని పట్టుకుని అదే పోర్టుకు పంపడం. ఫర్మ్‌వేర్‌లో బూట్ మొదలయ్యాక రీడైరెక్షన్ కొనసాగించే అంశాన్ని ఆపితే ఆ ఇబ్బంది పోయింది. గ్రబ్‌ను సీరియల్‌కు దూరంగా ఉంచి అంతా ఫర్మ్‌వేర్‌కే వదిలేయడం కూడా ఒక పద్ధతే, కానీ పోర్టు ఎవరి చేతిలో ఉందో నాకు తెలియాలి కాబట్టి దాన్ని ఎంచుకోలేదు.

నెట్‌వర్క్ పోయి, లాగిన్ కూడా పలకని స్థితి వస్తే ఏమిటన్న ఆలోచనతో బ్రేక్ సంకేతాన్నీ (తీగను ఒక అక్షరం కంటే ఎక్కువసేపు సున్నా స్థితిలో ఉంచడం) పరీక్షించాను. సీరియల్ కన్సోల్ మీద బ్రేక్ పంపి, 5 సెకన్లలోపు ఒక మీట నొక్కితే కెర్నెల్ దాన్ని సిస్‌ఆర్‌క్యూ ఆజ్ఞగా, అంటే నేరుగా కెర్నెల్‌కే ఇచ్చే అత్యవసర ఆజ్ఞగా తీసుకుంటుంది. డిస్కులను సింక్ చేయడం, వాటిని చదవడానికి మాత్రమే మార్చడం, రీబూట్ చేయడం అలా కుదురుతాయి. ఏవేవి అనుమతించాలో కెర్నెల్.సిస్‌ఆర్‌క్యూ విలువ నిర్ణయిస్తుంది కాబట్టి నాకు కావలసిన మూడూ అందులో ఉన్నాయని సరిచూసుకున్నాను.

ఆ తర్వాత వరుసగా మూడుసార్లు రీబూట్ చేశాను, చివరిసారి కరెంటు తీసి పెట్టి మరీ. మూడోసారి పాస్‌ఫ్రేజ్ అడిగిన వెంటనే యూఎస్‌బీ పరికరం గురించిన కెర్నెల్ సందేశాలు నాలుగైదు దాని మీదుగా వచ్చి పడ్డాయి, ప్రాంప్ట్ పైకి జరిగిపోయి తెర చివర మొదటిరోజు చూసిన వాక్యమే నిలిచింది. ఈసారి ఆ వాక్యం కిందే పాస్‌ఫ్రేజ్ టైపు చేసి ఎంటర్ నొక్కాను. కొన్ని సెకన్లకు డిస్కు తెరుచుకుంది, కాసేపట్లో ఎస్‌ఎస్‌హెచ్ పలికింది.